గాజు పెరిగింది

మా కొత్త మల్లారంలో గోడలు పగలడం మొదలై ఆరేళ్ళయింది. ఆ పగుళ్ళు కనిపించకుండా పోవడం మొదలై పద్నాలుగు నెలలయింది. ప్రమాదం మొదటిది కాదు, రెండోది. దాన్ని ఊళ్ళోకి తెచ్చింది నేను. కాబట్టి చెప్పాల్సింది కూడా నేనే.

పాత మల్లారం ఇప్పుడు లేదు. బొగ్గు కోసం తవ్వేశారు. మనుషులు లోపలికి దిగే గని కాదిది. నేలను పైనుంచి ఒలుచుకుంటూ పోయే ఓపెన్ కాస్ట్. ఆ గోతి అంచున కాలనీ కట్టి మమ్మల్ని అందులో పడేశారు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు సైరన్ మోగుతుంది. సైరన్ మోగితే మల్లారంలో ఎవరూ కప్పు కింద ఉండరు. అన్నం తింటున్నవాళ్ళు కంచంతో, పిల్లకు పాలిస్తున్నవాళ్ళు పిల్లతో వాకిట్లోకి వచ్చి నిలబడతారు. బడిపిల్లలు కూడా అంతే, పలకలూ పుస్తకాలూ వదిలి గ్రౌండులోకి వస్తారు. బ్లాస్టింగ్ అవుతుంది. కాళ్ళ కింద నేల ఒక్కసారి జారినట్టుంటుంది. మళ్ళీ లోపలికి పోతారు. మా ఊరికి కొత్తగా వచ్చిన కోడలికి పొయ్యి కంటే ముందు చూపించేది ఇదే.

నా పేరు స్వరూప. నన్ను కన్న అవ్వ కొమురవ్వ ముప్పై ఏళ్ళు మేస్త్రీల దగ్గర సిమెంటు మాలు మోసింది. గోడను వేలితో తట్టి, లోపల గట్టిగా ఉందో బోలుగా ఉందో చెప్పేస్తుంది. ఆమె భర్త, మా బాపు రాయమల్లు పాత భూగర్భ గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి మోసుకొచ్చాడు. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. నేను ఐటీఐ చదివి జిల్లా కేంద్రంలో ఒక నిర్మాణ పరిశోధన కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. నా కూతురు అఖిల మల్లారం బడిలో ఐదో తరగతి. నేను చెప్పేదంతా ఆ ఐదో తరగతి గది పైకప్పు గురించే.

ల్యాబులో మా పెద్ద డాక్టర్ సుధాంశు. సున్నపురాయి గుట్టల్లో దొరికిన ఒక సూక్ష్మజీవితో ఆయన పదకొండేళ్ళు కుస్తీ పట్టాడు. పొడిగా ఉంటే అది నిద్రపోతుంది. తడి తగిలితే లేచి, పక్కన పెట్టిన మేత తిని, సున్నపురాయిని విడుస్తుంది. దాన్నీ దాని మేతనీ కలిపి గోడ మీద పిచికారీ చేస్తే లోపలికి ఇంకిపోయి కాచుకుని ఉంటుంది. పగులు వచ్చి అందులో చెమ్మ చేరితే చాలు, నాలుగు రోజుల్లో ఆ పగులు పూడిపోతుంది. మళ్ళీ పగిలితే మళ్ళీ పూడుతుంది. దానికి జీవసున్నం అని పేరు పెట్టాడాయన.

మొదటిసారి అది పనిచేసిన రోజు నాకింకా గుర్తుంది. నేనే సుత్తితో కొట్టి బీట తెప్పించిన దిమ్మె. నాలుగో రోజు పొద్దున తడిగుడ్డ తీసి చూస్తే బీట ఉన్నచోట తెల్లటి గీత.

"మానింది, చూశావా స్వరూపా! మానింది!" అన్నాడు సార్. పుండు మానితే అన్నట్టే అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

నేను ఆగలేకపోయాను. "సార్, మా బడికి కొడదాం" అన్నాను.

బొగ్గు కంపెనీని అడిగితే రెండో రోజే ఒప్పుకుంది. బడికి కొత్త బల్లలు కావాలని మూడేళ్ళు అడిగితే పలకని కంపెనీ, పగుళ్ళు పూడ్చడానికి రెండో రోజే ఒప్పుకుందంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. నేను సంబరంలో ఉన్నాను.

పిచికారీ చేశాం. నాలుగు రోజులకు బడి గోడల మీది బీటలన్నీ సన్నటి తెల్లగీతలయ్యాయి. పిల్లలు వేళ్ళతో తడుముతూ తిరిగారు. బాపును చూడ్డానికి తీసుకొస్తే గుమ్మం దగ్గరే కూర్చుని, "గా మందు కొద్దిగ నా ఛాతిల గూడ కొట్టు బిడ్డా" అన్నాడు. అందరం నవ్వాం.

ఆ తరువాత బ్లాస్టింగ్ పెరిగింది.

ఎందుకు పెరగదు? ఇదివరకు బీట పడితే ఫొటో తీసి ప్రభుత్వానికి పంపేవాళ్ళం. తనిఖీ మనిషి వచ్చి స్కేలు పెట్టి కొలిచేవాడు. కంపెనీవాళ్ళు నాలుగు మాటలు పడి, మందుగుండు కాస్త తగ్గించేవాళ్ళు. ఇప్పుడు తనిఖీ మనిషి వస్తాడు, స్కేలు తీస్తాడు, కొలవడానికి ఏమీ ఉండదు. భవనం క్షేమం అని సంతకం పెట్టి టీ తాగి పోతాడు. మా దగ్గర ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం గోడ మీది పగులు. దాన్ని నా చేతులతో నేనే చెరిపేశాను.

నాకంటే ముందు అవ్వకు తెలిసింది.

"ఐదో తరగతి తలుపు పడ్తలేదు" అంది ఒకరోజు.

"వానకు ఉబ్బింటది అవ్వా."

"అది ఇనుప తలుపే! ఇనుము వానకు ఉబ్బుతదా? గదేనా నువ్వు సదివిన సదువు?"

బడికి పోయి గోడ తట్టింది. చెవి ఆనించి మళ్ళీ తట్టింది. కుడిచేతి గాజు ఒకటి తీసింది. తెల్లగీతకు అడ్డంగా ఆ గాజును గోడకు ఆనించి, ఇటొక ముద్ద అటొక ముద్ద సిమెంటుతో అతికించింది. పాత మేస్త్రీల పద్ధతి అది. వాళ్ళు అద్దం పలక అతికించేవారు. గోడ కదలకపోతే పలక అలాగే ఉంటుంది, వెంట్రుకవాసి కదిలినా ఊరుకోదు.

"గోడకు మీరు అబద్ధాలు నేర్పిండ్రు. గాజుకు నేర్పలేరు" అంది.

మూడో రోజు బ్లాస్టింగుకు గాజు రెండైంది. దాని వెనక బీట మళ్ళీ నాలుగు రోజుల్లో పూడింది. గాజు పూడలేదు.

తరువాత ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఒక్కో గాజు ఇచ్చారు. ఎర్రవి, పచ్చవి, పెళ్ళికి వేసుకున్నవి, చంటిపిల్లల చిట్టి గాజులు. ఐదో తరగతి గోడ పెళ్ళికూతురి చేయిలా తయారైంది. బడిలో మధ్యాహ్నం వంట చేసే లసుమక్కకు చదువొచ్చు. ఆమెకు నేనొక నోట్‌బుక్ ఇచ్చి, "తేదీ రాయి, ఎక్కడిదో రాయి, గాజుకు ఏమైందో ఉన్నదున్నట్టు రాయి" అని చెప్పాను. అవ్వ చూసి చెప్పేది. లసుమక్క రాసేది. పది నెలలు ఒక్క రోజు తప్పలేదు.

ల్యాబులో నేను వేరే లెక్క చూస్తున్నాను. ఒక కాంక్రీటు దూలాన్ని జీవసున్నంతో పోసి, కదిలించే బల్ల మీద పెట్టాను. ఒక కుదుపు, బీట. తడి, నాలుగు రోజులు, పూడిక. మళ్ళీ కుదుపు. ముప్పైసార్లు చేసి కొలిస్తే దూలం మీద ఒక్క బీట లేదు. కానీ పొడుగైంది. బీట తెరుచుకుని ఉన్నప్పుడు సున్నం పూడుతోంది. కుదుపు పోయాక గోడ తన చోటికి తాను తిరిగి రావాలంటే చోటు లేదు, అక్కడ రాయి కూర్చుని ఉంది. ప్రతి బ్లాస్టింగుకూ గోడ ఒక్క రవ్వ పెరుగుతుంది. పెరిగి ఎటు పోతుంది? బయటికి తోసుకుంటుంది.

సార్‌కు చూపించాను. ఆయన మూడుసార్లు కొలిచాడు. నాలుగోసారి కొలవకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"ఇది రాయాలి స్వరూపా. కానీ ఇంకా కొన్ని ప్రయోగాలు కావాలి."

"ఎన్ని రోజులు సార్?"

"ఏడాది పట్టొచ్చు."

"నా బిడ్డ రేపు ఆ కప్పు కింద కూసుంటది సార్."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. బయట కంపెనీ కట్టిస్తున్న మా కొత్త ల్యాబు పునాదులున్నాయి. నేనూ అటే చూశాను.

ఆదివారం అవ్వా నేనూ బడికి పోయి, దారానికి కట్టిన తూకం గుండు గోడ పైనుంచి వేలాడదీశాం. గోడ తల బయటికి వాలి ఉంది. కప్పు స్లాబు గోడ మీద జానెడు ఆనుకుని ఉండాలి. రెండు వేళ్ళు ఆనుకుని ఉంది. అఖిలను మరునాటి నుంచి బడికి పంపలేదు. కానీ ఆ గదిలో ఇంకా ముప్పై నలుగురున్నారు. వేరే బడి గోతికి అవతల, పదకొండు కిలోమీటర్లు. భవనం క్షేమం అని కాగితం ఉండగా ఇంకో చోటు చూపించాల్సిన పని మాకు లేదంది కంపెనీ. హెడ్మాస్టరు కాగితం చేతిలో పెట్టుకుని దిక్కులు చూశాడు.

గొడవ చేశాం. కంపెనీ గేటు ముందు కూర్చున్నాం. చివరకు ప్రభుత్వం విచారణ వేసింది.

విచారణ అధికారి ఉత్తరాది మనిషి. తెలుగు రాదు. ఆ బడిలో పెద్ద గది ఐదో తరగతిదే కాబట్టి విచారణ అక్కడే పెట్టారు. పిల్లలకు ఆ రోజు సెలవు. బల్ల మీద మాటలను అటూ ఇటూ మార్చే యంత్రం పెట్టారు. తెలుగులో చెబితే ఇంగ్లీషులో పలుకుతుంది, ఇంగ్లీషులో చెబితే తెలుగులో పలుకుతుంది. మా నోట్‌బుక్‌ను కూడా ముందే దానికి తినిపించారు.

కంపెనీ వకీలు హైదరాబాదు నుంచి వచ్చాడు. తెలుగువాడే. లేచి, మా నోట్‌బుక్ ఇంగ్లీషు ప్రతిని పైకెత్తాడు.

"అయ్యా, ఇది ఊరివాళ్ళు స్వయంగా రాసిన రికార్డు. వినండి. ఆషాఢం, కిటికీ పక్క గాజు, పెరిగింది. శ్రావణం, తలుపు పైన గాజు, పెరిగింది. అరవై ఒక్క చోట్ల ఇదే మాట. వీళ్ళ లెక్కన జీవసున్నం ప్రభావంతో గోడలే కాదు, వాటికి తగిలిన గాజు కూడా పెరుగుతోంది! ఈ రికార్డును ఎవరైనా నమ్ముతారా?"



మా దగ్గర ఆడవాళ్ళ చేతి గాజును పగిలింది అనరు. పెరిగింది అంటారు. దీపం ఆరితే కొండెక్కింది అన్నట్టే. పగిలింది అనే మాట మొగుడు పోయిన రోజుకు దాచిపెట్టుకున్న మాట. అవ్వ పెరిగింది అని చెప్పింది, లసుమక్క పెరిగింది అని రాసింది. నేను ఆ నోట్‌బుక్ వందసార్లు తిరగేశాను, ఒక్కసారి కూడా నాకు తప్పుగా కనిపించలేదు. ఎందుకు కనిపిస్తుంది? నేను పుట్టిందీ ఆ మాటలోనే. ఉన్నదున్నట్టు రాయమని చెప్పిన పెద్ద టెక్నీషియన్ని!

వకీలుకు తెలుసు. ఆయన తల్లి చేతికీ గాజులుంటాయి.

నేను లేచాను. "దాని అర్థం అది కాదు సార్, మా భాషలో..."

"ఈమె ల్యాబు ఉద్యోగి, ఈ ఊరి మనిషి. చూసి చెప్పినావిడ వేరే ఉంది. ఆమెనే అడగండి" అన్నాడు వకీలు.

అధికారి తలూపాడు. అవ్వ ముందుకు వచ్చి నిలబడింది. యంత్రం తెలుగులో అడిగింది: "గాజుకు ఏమి జరిగినది?"

"పెరిగింది" అంది అవ్వ.

యంత్రం ఇంగ్లీషులో ఏదో పలికింది. అధికారి కనుబొమలు ఎత్తాడు. యంత్రం మళ్ళీ: "గాజు పొడవు ఎంత పెరిగినది?"

"పొడువేంది? గాజు పొడువు పెరుగుతదా? ఈ డబ్బకు మతి ఉన్నదా?" అంది అవ్వ. గదిలో నవ్వులు. "పెరిగింది అంటే పెరిగింది. రెండు ముక్కలై పెరిగింది."

"ఒకటి రెండుగా వృద్ధి చెందినదా?" అంది యంత్రం.

వకీలు నవ్వు దాచుకోవడానికి కాగితం అడ్డం పెట్టుకున్నాడు.

"అవ్వా, ఆ మాట అను" అన్నాను నేను. "ఒక్కసారి అను."

అవ్వ నా వైపు చూడలేదు. గది వెనక, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని దగ్గుతున్న బాపు వైపు చూసింది. మెడలో నల్లపూసలు పిడికిట పట్టుకుంది. నలభై ఏళ్ళుగా ఆయన ఊపిరిని లెక్కపెట్టుకుంటూ బతికిన మనిషి. ఆ మాట నోటివెంట వస్తే ఏమవుతుందోనని ఆమె నిజంగా భయపడుతోంది. గోడకు భయపడలేదు, కంపెనీకి భయపడలేదు, ఆ మాటకు భయపడుతోంది. నేను బతిమాలే ధైర్యం చేయలేకపోయాను.

వెనక నుంచి దగ్గు ఆగింది.

"ఓ కొమురీ!" అన్నాడు బాపు. "ఏం జూస్తవే నా మొకం? అను!"

"నువ్వు ఊకో."

"అనవే! బొగ్గుబాయిల కప్పు కూలి మీదవడ్డప్పుడే సావలే నేను. నీ నోటి మాటకు సస్తనా? సస్తే సస్త గని, పిల్లలు సావద్దు. అను!"

అవ్వ నల్లపూసలు వదిలేసింది. యంత్రం వైపు కాదు, వకీలు వైపు తిరిగింది.

"పగిలింది" అంది.

వకీలు అడ్డం పెట్టుకున్న కాగితం దించాడు.

"పగిలింది సారూ. నా గాజు పగిలింది. అరవై ఒక్క గాజు పగిలింది. పెరిగింది గోడ, పగిలింది గాజు. రాయమను నీ డబ్బను."

లసుమక్క లేచింది. "నాది గూడ పగిలింది." వెనక వరసలో ఇంకొకామె: "నా బిడ్డది పగిలింది." ఇంకొకామె, "నా పెండ్లి గాజు పగిలింది." ఎప్పుడూ ఆ మాట అనని ఆడవాళ్ళు, మొగుళ్ళు పక్కనే కూర్చుని ఉండగా, ఒక్కొక్కరే లేచి అంటున్నారు. యంత్రం ఒకే మాటను ఇంగ్లీషులో మళ్ళీ మళ్ళీ పలికింది. అధికారి కలం తీశాడు.

ఆయన సుధాంశు సార్‌ను అడిగాడు. గాజు పెరుగుతుందా?

సార్ లేచాడు. పదకొండేళ్ళు నిలబడ్డట్టు నిలబడ్డాడు. "గాజు పెరగదు" అన్నాడు చివరికి. "గోడ పెరుగుతుంది. నాకు ఐదు నెలల నుంచి తెలుసు." కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడు సైరన్ మోగింది.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గదిలో ఉన్న మల్లారం మొత్తం లేచి బయటికి నడిచింది. లసుమక్క అధికారి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. వకీలు మాత్రం కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు.

బాపు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "బిల్డింగు మంచిగున్నదని కాయితం ఉన్నది గద సారూ, నువ్వు కూసో. మేం మొరటోళ్ళం, బయట నిలవడ్తం."

వకీలు పైకప్పు వైపు చూశాడు. కాగితాలు అక్కడే వదిలి, బాపును దాటుకుని, మాకంటే ముందు గ్రౌండు మధ్యకు చేరాడు. అధికారి అది చూశాడు. నేల జారింది. లోపల ఎక్కడో ఒక గాజు టింగుమంది.

రిపోర్టు మూడు నెలల్లో వస్తుందన్నారు. మూడు నెలలు ఎవరికున్నాయి?

మరునాడు పొద్దున బల్లలు మోసుకొచ్చి బొగ్గు లారీలు పోయే రోడ్డు మీద వేశాం. ఒకటో తరగతి ముందు, ఐదో తరగతి వెనక. హెడ్మాస్టరు కాసేపు నసిగి, బోర్డు తెచ్చి తుమ్మచెట్టుకు ఆనించాడు. లసుమక్క రోడ్డు మీదే పొయ్యి పెట్టింది. లారీలు బారులు తీరాయి. కంపెనీ మనిషి వచ్చి, రోడ్డు మీద బడేమిటి, పిల్లలకు ప్రమాదం కాదా అని అడిగాడు. అవ్వ అతణ్ని తల నుంచి కాళ్ళదాకా చూసి, "పిల్లలకు ఏది ప్రమాదమో నీకు ఇయ్యాల యాదికొచ్చిందా బిడ్డా?" అంది. నా ఉద్యోగం ఆ వారమే పోయింది. ఉత్తరం ల్యాబు నుంచి వచ్చింది. కింద సంతకం మాత్రం సుధాంశు సార్‌ది కాదు. ఆయన పెట్టనన్నాడట.

లారీలు ఆగినా బ్లాస్టింగ్ ఆపలేదు. తొమ్మిదో రోజు రెండు గంటలకు సైరన్ మోగింది. రోడ్డు మీద పిల్లలు అలవాటుగా లేచి నిలబడ్డారు. నేల జారింది. తరువాత, ఎప్పుడూ లేనిది, ఇంకో చప్పుడు వచ్చింది. బడి వైపు నుంచి దుమ్ము లేచింది.

ఐదో తరగతి కప్పు గోడల మీదినుంచి జారి, ఏకంగా నేల మీద పడుకుంది. బల్లలుండాల్సిన చోట. గోడలు నాలుగూ నిలబడే ఉన్నాయి. గాజు ముక్కల మధ్య తెల్లగా, నున్నగా. చుట్టూ తిరిగి వెతికాను. ఒక్క పగులు లేదు.

అఖిల నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నా బల్ల గక్కడుండె" అని వేలు పెట్టి చూపించింది. ఆ వేలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

సాయంత్రానికి కంపెనీ మనుషులు వచ్చి, మాట్లాడుకుందాం, ముందు రోడ్డు వదలండి అన్నారు. వాళ్ళ వెనకే సుధాంశు సార్ వచ్చాడు. నేరుగా పోయి ఐదో తరగతి పిల్లల వెనక చివరి బల్ల మీద కూర్చున్నాడు. అవ్వ ఆయనకు ఒక గ్లాసు నీళ్ళిచ్చింది. అంతకుమించి ఏమీ ఇవ్వలేదు.

లసుమక్క నోట్‌బుక్ తెరిచింది. "వదినా, ఏం రాయాలె?"

అవ్వ బాపు వైపు చూసింది. పిల్లల బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న బాపు చెయ్యి ఊపాడు. "ఉన్న, ఉన్న. నువ్వు కానియ్."

"కప్పు కూలింది అని రాయి" అంది అవ్వ. "పిల్లలు బయటున్నరు అని రాయి. పాత పేజీలు తియ్యి. పెరిగింది అని ఉన్నకాడల్ల, పక్కన పగిలింది అని రాయి. కొట్టెయ్యకు. రెండూ ఉండాలె. మనం ఎట్ల మాట్లాడినమో, వాళ్ళు ఎట్ల సదివిండ్రో, రెండూ కనవడాలె."

బారులో ముందున్న లారీ హారన్ కొట్టింది. వెనక లారీ అందుకుంది. దాని వెనకది అందుకుంది.

సైరన్‌కు లేచే ఊరు హారన్‌కు లేవలేదు.